ధ్యానము - దేహము - కైంకర్యము



ధ్యానమనగానే మన మనస్సునకు కదలని ఆసనము, మూసిన కన్నులు, నిశ్శబ్దమైన గది తోచును. చెమటతో తడిసిన దేహము, పరుగెత్తు పాదములు తోచవు. దేహమును మరచుటయే ధ్యానమని కొందరు తలంతురు. దేహమును పెంచుకొనుటయే జన్మఫలమని మరికొందరు తలంతురు. ఈ రెండింటికి నడుమ మార్గమొకటి కలదా? కలదేని అది ఎచటికి చేర్చును? ఈ ప్రశ్నను విచారించుటకు దూరదేశమందలి ఒక ధ్యానబృందము యొక్క చరిత్ర మనకు ఉపకరించును. కన్నులు మూసికొని కూర్చుండుటకు చేరినవారు కాలక్రమమున ఈత, సైకిలు, పరుగు అను మూడింటి పోటీలను నడుపు సంఘముగా ఎట్లు మారిరో చూతము.

ఆ బృందమునకు మూలపురుషుడు శ్రీ చిన్మయ్ అను పేర ప్రసిద్ధుడైన చిన్మయ్ కుమార్ ఘోష్. ఆయన 1931లో, నేడు బంగ్లాదేశ్‌లోనున్న చిట్టగాంగ్ ప్రాంతమున జన్మించెను. బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయి, 1944లో పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమమును చేరి, ఇరువది సంవత్సరములు అచట గడపెను. ఆ ఆశ్రమమున ధ్యానముతోపాటు వ్యాయామమునకును గౌరవస్థానము కలదు. చిన్మయ్ అచట పరుగుపందెములలో పేరు పొందెను. 1964లో న్యూయార్కు నగరమునకు పోయి, క్వీన్స్ అను భాగమున ధ్యానకేంద్రమును నెలకొల్పెను. 1977లో ఆయన శిష్యులు ‘శ్రీ చిన్మయ్ మారథాన్ టీమ్’ అను పేర ఒక క్రీడాసంఘముగా ఏర్పడిరి. వారు పరుగుతో ఆగలేదు. వేర్వేరు దేశములలోని సభ్యులు ఈతపోటీలను, ట్రయాథ్లాన్ పోటీలను నడుపసాగిరి. కొందరు ఇంగ్లీషు ఛానెలును ఈది దాటిరి. ఇరుకైన చోటనే ఆ జలసంధి వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు.

ట్రయాథ్లాన్ అనగా మూడు పందెముల కూడిక. నేటి పద్ధతిలో మొదట ఈత, పిదప సైకిలు, తుదకు పరుగు. ఈ పేరుతో మొదటి పోటీ 1974 సెప్టెంబరు 25వ తేదీన అమెరికాలోని శాన్ డియాగో నగరమున జరిగెను. 2000 సంవత్సరమున సిడ్నీలో ఇది ఒలింపిక్ క్రీడలలో చేరెను. అచటి కొలతలు 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. మన బృందమువారు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో బర్లీ గ్రిఫిన్ సరస్సు తీరమున ఇట్టి పోటీలను నిర్వహించుచు వచ్చిరి. ఈ మూడింటిని మూడేసి మార్లు చేయవలసిన కఠినమైన పోటీని సైతము ఆ నగరముననే నడిపిరి.

ఈ క్రీడలో గమనింపదగిన నియమమొకటి కలదు. నీటినుండి వెలువడి సైకిలెక్కు నడుమను, సైకిలు దిగి పరుగునకు సిద్ధమగు నడుమను గడచిన కాలము కూడ లెక్కలోనికే వచ్చును. గడియారము ఆగదు. ఇది మనకు క్రొత్త మాట కాదు. రేయికిని పగటికిని నడుమనున్న సంధికాలమును వృథాగా పోనీయరాదనియే గదా పెద్దలు సంధ్యోపాసనమును విధించిరి. పూజామందిరమున నిలిచిన మనస్సు గడప దాటి వీధిలో అడుగిడగానే చెదరిపోయినచో ఆ ధ్యానము ఇంకను పండలేదని తెలియవలెను. కూర్చున్నప్పుడు కుదిరిన శాంతి కదలునప్పుడును నిలుచునా? ఈ బృందము ధ్యానమందిరమునుండి బయటికి తెచ్చిన పరీక్ష ఇదియే. మితాహారము, మితవిహారము, మితనిద్ర కలవానికే యోగము సిద్ధించునని గీతాచార్యుడు బోధించెను. కావున దేహమును యోగమునకు శత్రువుగా భావించుట మన మతము కాదు.

అయినను ఇచట జాగ్రత్తగా విచారింపవలసినది కలదు. ఈ బృందము 1997 నుండి 3,100 మైళ్ళ పందెమొకటి నడుపుచున్నది. అనగా సుమారు 4,989 కిలోమీటర్లు. దీనిని 52 దినములలో ముగింపవలెను. న్యూయార్కులో పరుగెత్తువారు ఏ కొండలనో కోనలనో దాటరు. క్వీన్స్‌లో ఒక పాఠశాల నడుమనుండగా, దాని చుట్టునున్న దారినే 5,649 మార్లు చుట్టివత్తురు. ఇది వినగానే మనకు ప్రదక్షిణము స్ఫురించును. కాని ప్రదక్షిణమైనను వట్టి తిరుగుడైనను పాదములకు కలుగు శ్రమ యొక్కటియే. భేదము నడుమ నెవరున్నారు అనుదానిని బట్టి కలుగును. నడుమ స్వామి యున్నచో అది ఆరాధన. నడుమ ‘నేను’ ఉన్నచో ఎన్ని చుట్లు తిరిగినను అహంకారమునకే ప్రదక్షిణము. తన్ను తాను మించుట ఈ బృందమువారి ఆదర్శము. నిన్నటి తనను నేడు మించినవాడు రేపు మరింత పెద్ద ‘నేను’ను మోయవలసివచ్చునేమో! ఈ భయము క్రీడాకారునికే కాదు, జపసంఖ్యను లెక్కించు మనకును ఉండదగినదే.

2007లో పరమపదించిన ఆ గురువును గూర్చి పూర్వశిష్యులలో కొందరు తీవ్రమైన ఆరోపణలు చేసిన మాటయు లోకవిదితము. ఒకని ఆచార్యునిగా వరించుటకు చిరకాలపరీక్ష ఆవశ్యకమని మన సంప్రదాయము. ఒక సంఘము చేయు మంచిపనిని గుర్తించుట వేరు, శరణుజొచ్చుట వేరు. మనమిచట మొదటిదానిని మాత్రమే చేయుచున్నాము.

ఆ మంచిపని యేది? ఈ సంఘమువారి పోటీలలో ధ్యానముతో సంబంధము లేనివారును పాల్గొందురు. వారి కొరకు సభ్యులు దారి గుర్తులు నిలుపుదురు, చుట్లు లెక్కింతురు, నీరు, ఆహారము అందింతురు. నా దృష్టికి, ధ్యానబృందము క్రీడాసంఘముగా పెరుగుటలోని సారము ఈ సేవయందే కలదు. పరుగెత్తువాడు తన దేహమును జయింపవచ్చును. పరుగెత్తువానికి నీరందించు చేతికి మాత్రము గెలుపన్నది లేదు, పతకము లేదు. అట్టి చేతియందు ‘నేను’ నిలుచుటకు చోటు తక్కువ.

మన గురుపరంపరను స్మరింపుడు. భగవద్రామానుజులు రహస్యార్థము కొరకు శ్రీరంగమునుండి తిరుక్కోష్టియూరునకు పదునెనిమిది మార్లు నడచిరి. ఆ శ్రమకు ఫలముగా లభించిన దానిని తమయొద్దనే దాచుకొనక, భక్తులందరికిని ఎలుగెత్తి చాటిరి. వారి మేనమామ తిరుమలనంబి పాపవినాశనతీర్థమునుండి శ్రీవారి అభిషేకమునకు ప్రతిదినము నీటికుండను మోసికొనివచ్చుచుండెడివాడు. ఆ వృద్ధుని ‘తాతా’ అని పిలిచి, కిరాతవేషమున వచ్చిన స్వామి దాహమడిగెనని ఐతిహ్యము. వీరిరువురి చరిత్రలలోను నడక కలదు, బరువు కలదు, చెమట కలదు. కాని ‘ఎన్ని మార్లు నడచితిని, ఎంత దూరము మోసితిని’ అను గణన వారికి లేదు. మనము లెక్కించి పొగడుచున్నాము, వారు సమర్పించి మరచిరి. శేషుడు శేషికొరకే యుండునట్లు, దేహము స్వామి కొరకే యున్నదని ఎరిగినవారి నడత ఇట్టిది.

కావున మహాశయులారా! అలిపిరినుండి 3,550 మెట్లెక్కి తిరుమలకు పోవు యాత్రికులెందరో మీలో కలరు. ఎక్కుటకు శక్తి చాలినందులకు స్వామికి కృతజ్ఞులు కండు. ఎంత శీఘ్రముగా ఎక్కితిమి అను మాటను కొండ క్రిందనే విడువుడు. మీ వెనుక ఆయాసపడుచు వచ్చుచున్న వృద్ధురాలి చేతిసంచిని అందుకొనుడు. దప్పికగొన్న బాలునకు మీ చెంబులోని నీరొసగుడు. అందువలన మీరు మెట్లెక్కుటలో కొంత ఆలస్యమగును. ఆ ఆలస్యమును స్వామి కైంకర్యముగా స్వీకరించును. ఇంటియందు ధ్యానమునకు కూర్చుండువారు లేచిన వెంటనే ఇంటివారికి ఉపయోగపడు పని యొకటి చేయుడు. కూర్చున్నప్పుడు మనస్సునందు నిలిపిన స్వామిని లేచినప్పుడు చేతులయందును నిలుపుటయే మన సాధన.

శ్రీనివాసుడు మన పాదములకు బలమును, చేతులకు కైంకర్యమును, మనస్సునకు వినయమును అనుగ్రహించుగాక!

శుభమ్.