ఆనందం దాకా వెళ్ళి మళ్ళీ అన్నం దగ్గరికి

మొన్నటి వీడియోలో తైత్తిరీయ ఉపనిషత్తులోని భృగువల్లి గురించి చెప్పుకున్నాం కదా. బ్రహ్మం అంటే ఏమిటో చెప్పమని భృగువు తండ్రి వరుణుణ్ణి అడుగుతాడు. తపస్సు చేసి తెలుసుకో అంటాడాయన. మొదట అన్నమే బ్రహ్మమని తెలుస్తుంది. తర్వాత ప్రాణం, మనస్సు, విజ్ఞానం, చివరికి ఆనందం. అక్కడితో అయిపోయిందనుకుంటాం. కాదండీ, ఉపనిషత్తు మళ్ళీ అన్నం దగ్గరికే వస్తుంది. అన్నాన్ని నిందించకూడదు, కాదని పక్కన పెట్టకూడదు, బాగా సమకూర్చుకోవాలి, ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళని పొమ్మనకూడదు అని వ్రతాలు చెబుతుంది. (పై లేయర్‌కి వెళ్ళాక కింది లేయర్‌ని మర్చిపోయే మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు గమనించాల్సిన విషయం!)

ఈ వ్రతం ఎంత సున్నితమైనదో నాకు పిట్స్‌బర్గ్‌లో అర్థమైంది. దగ్గర్లోని పెన్ హిల్స్‌లో 1970ల నుంచీ వేంకటేశ్వరస్వామి గుడి ఉంది కాబట్టి మన పులిహోర ఇక్కడ మరీ కొత్తేం కాదు. మేం కొంతమందిమి మా పేటలోని కమ్యూనిటీ హాల్లో మన పండగలు, వంటలు చుట్టుపక్కలవాళ్ళకి పరిచయం చేస్తుంటాం. ఉగాదికి పులిహోర కలిపి, దేవుడి పటం ముందు నైవేద్యం పెట్టబోతుంటే ఒక పెద్దావిడ వచ్చి అడిగారు: "ఇది మీ దేవుడికి అర్పించేదా? అయితే నేను తినకూడదు."

ఆవిడ క్రైస్తవురాలు. విగ్రహాలకు అర్పించింది తినొచ్చా లేదా అన్న చర్చ బైబిల్లోనే ఉంది. అది ఆవిడ నిష్ఠ.

మాలో ఒక తమ్ముడు, "ఉత్త రైస్ ఐటమ్ అని చెప్పేద్దాం అక్కా, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. వంట చేసిన అక్క ఒప్పుకోలేదు. "నమ్మి అడిగిందిరా" అని, నైవేద్యానికి ముందే ఒక గిన్నె వేరుగా తీసి పెట్టింది.

దేవుడికి చూపించకుండా పెట్టొచ్చా అని తర్వాత కొందరు నన్నడిగారు. గీత మూడో అధ్యాయం తప్పు పట్టేది తమకోసమే వండుకునేవాళ్ళని. ఈ గిన్నె మాకోసం తీసింది కాదు. గృహస్థుడికి చెప్పిన పంచ మహాయజ్ఞాల్లో దేవయజ్ఞం ఎలాగో మనుష్యయజ్ఞం అలాగే ఉంది, అంటే అతిథికి పెట్టడం. అబద్ధం చెప్పి ప్రసాదం తినిపిస్తే మాత్రం, నా దృష్టిలో అది దానం కాదు, దొంగతనం. ఆవిడ నిష్ఠని ఆవిడకి తెలియకుండా లాక్కోవడమే కదా!

ఆవిడ రెండుసార్లు వడ్డించుకున్నారు. పులుపు దేనివల్ల వచ్చిందని అడిగి, చింతపండు ముద్ద చేతిలోకి తీసుకుని వాసన చూశారు.

ఇంకో మాట, ఇలాంటి సేవ చేసేవాళ్ళకి. వేరుశనగ గుళ్ళు, జీడిపప్పు వేశారేమో బోర్డు మీద రాయండి. ఇంగువ డబ్బా కూడా చదవండి, చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. గోధుమ పడని ఒక కుర్రాడు ఆ రోజు పులిహోర ముట్టలేకపోయాడు. ఇండియన్ స్టోర్లో కొన్న ఎండు వేపపువ్వుతో చేసిన ఉగాది పచ్చడి ఇచ్చాం. చేదుకి మొహం అదోలా పెట్టి, ఇంకో కప్పు అడిగాడు.