పూజారి లేని గుళ్లు

ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్‌లోని స్టో భవనం చుట్టూ ఉన్న తోటలో గుళ్లకు కొదవ లేదు. ఏ గుడిలోనూ పూజ మాత్రం జరగదు. నిజంగా ప్రార్థనలు జరిగే పాత చర్చి ఒకటుంది గానీ, అది చెట్ల చాటున ఉంటుంది. ఒకప్పుడు దాని చుట్టూ ఊరుండేది. తోట పెరిగింది, ఊరు పోయింది.

ఈ తోటకు రూపమిచ్చిన కోభమ్ ప్రభువు 1733లో ప్రధాని వాల్‌పోల్ తేబోయిన ఎక్సైజ్ పన్నును ఎదిరించి, సైన్యంలో పదవి పోగొట్టుకున్నాడు. ఆ కోపమంతా రాయిగా లేచింది. విలియం కెంట్ రూపకల్పన చేసిన ప్రాచీన ధర్మ మందిరంలో గ్రీకు మహనీయులు హోమర్, సోక్రటీస్, లైకర్గస్, ఎపమినాండస్ కొలువుదీరారు. దానికి పోటీగా ఆధునిక ధర్మ మందిరాన్ని పనిగట్టుకుని శిథిలంగా కట్టించి, తలలేని మొండెం నిలబెట్టారు. ఆ మొండెం ఎవరిదో ఆనాటి రాజకీయం తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

దేవుడితో పని లేకుండా నీతిగా బతకడం సాధ్యమేనా? సాధ్యమేనని, నాస్తికుల సమాజం కూడా సజావుగా నడుస్తుందని 17వ శతాబ్దం చివర్లోనే ఫ్రెంచ్ తత్త్వవేత్త పియర్ బేల్ వాదించాడు. స్టో తోటలో బ్రిటిష్ మహనీయుల గోడ దగ్గర నిలబడితే ఆ ప్రశ్నే ఎదురవుతుంది. అక్కడ 16 మంది ప్రతిమలున్నాయి. మతాచార్యుడు ఒక్కడూ లేడు. పుణ్యలోకంలో ఎవరెవరికి చోటుందో చెప్పే రోమన్ కవి వర్జిల్ పంక్తులు చెక్కించి, పవిత్రులైన పూజారుల ప్రస్తావన ఉన్న పంక్తిని మాత్రం ఎగరగొట్టారు.

పూజారిని తప్పించారు, బాగానే ఉంది. మరి పుణ్యాత్ములెవరో తేల్చేదెవరు? తోట యజమాని! గోడ కట్టేనాటికి బతికే ఉన్న కవి పోప్‌కూ, పార్లమెంటులో వాల్‌పోల్‌ను ఎదిరించిన జాన్ బర్నార్డ్‌కూ అందులో చోటు దక్కింది. బతికున్నవాళ్లకు విగ్రహాలు పెట్టడం మనకూ కొత్త కాదులెండి. గోడ వెనక ఇంకో శాసనముంది. ఫిడో అనే పెద్దమనిషి నిజాయితీని, విశ్వాసాన్ని ఆకాశానికెత్తి, చివర్లో అతగాడు వేటకుక్క అని బయటపెడుతుంది. గోడ ముందరి పొగడ్తలన్నిటినీ ఈ ఒక్క కుక్క వెక్కిరిస్తున్నట్టే ఉంటుంది.

వెక్కిరింతకు తగ్గ సరుకూ ఆ గోడ మీద ఉంది. స్వేచ్ఛకు తత్త్వం రాసిన జాన్ లాక్‌కు బానిస వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలుండేవి. నౌకావీరుడు డ్రేక్ కుర్రతనంలో బానిస వ్యాపారి హాకిన్స్ ఓడల్లో తిరిగాడు. వీళ్లను ఎంచినవాడిది పూజారి నోరు నొక్కిన చెయ్యే. ఆ చేతిని ప్రశ్నించగల పెద్ద మాత్రం ఆ తోటలో ఎవరూ లేరు.