డేరా తీసే ముందు

అచ్చంపేట

మనవడా,

రిజర్వాయరు కింద పోయిన భూముల పరిహారానికి మీరు వేసిన డేరా తీసెయ్యమని పెద్దమనుషులు అంటున్నారని, తీస్తే ఓడినట్టేనా అని అడిగినవు. ఫోన్లో తేలే ముచ్చట కాదు గనుక రాస్తున్న. గ్రూప్స్‌కు చదివేటోనివి, కొంచెం చరిత్ర చెప్తే విసుక్కోకు.

1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం మన సంస్థానంలోకి వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయిండు. వచ్చిన పని అయిపోయింది కదా, వెనక్కి పోయిందా? లేదు. తుపాకులు కమ్యూనిస్టు దళాల మీదికి మళ్లినయి. మైదానంలో నిలవలేక కొన్ని దళాలు మన అమ్రాబాద్ అడవుల దిక్కు వచ్చి నల్లమలలో తలదాచుకున్నయి.

అయినా 1949 ముగిసేసరికి సైనిక గవర్నరు చౌధురి కుర్చీ దిగిండు. 1950 జనవరిలో వెల్లోడి ముఖ్యమంత్రి అయిండు. పోరు ఆగినందుకు కాదు, దళాలు ఇంకా అడవిలోనే ఉన్నయి. దేశం గణతంత్రమైతుంటే ఒక మూలన సైనికాధికారి రాజ్యమేలడం ఎట్ల కుదురుతది? హైదరాబాద్ తగాదా అప్పటికే భద్రతా మండలి దాకా పోయింది. ఎన్నికలు కూడా జరపాలె. సిపాయి ఊరిని కాపలా కాయగలడు గాని ఓటు వేయించలేడు. అందుకే ఒక చేత్తో కౌలుదారీ చట్టం తెచ్చి, ఇంకో చేత్తో సాయుధ పోలీసులను ఉంచిండ్రు. అప్పటి రెవెన్యూ మంత్రి మన పాలమూరు బూర్గుల రామకృష్ణారావే. 1952లో ముఖ్యమంత్రి కూడా ఆయనే.

అవతలి పక్క కూడా లెక్క వేసుకున్నది. 1951 మొదట్లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, మరో ఇద్దరు చాటుగా మాస్కో పోయి స్టాలిన్‌ను కలిసిండ్రు. ఆ అక్టోబరులో సాయుధ పోరాటం విరమించిండ్రు. పార్టీ మీద నిషేధం ఉంటే ఎన్నికల్లో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరున నిలబడ్డరు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డయి. దీన్ని ఓటమి అంటవా? నేను అనను.

నన్ను తొలిచేది వేరే. పరారైన దొరలు చాలాచోట్ల సైన్యం వెనకాలనే ఊళ్లకు తిరిగొచ్చిండ్రు. పంచిన భూములు మళ్లీ గుంజుకున్నరు. శిక్షలు పడ్డోళ్లు జైళ్లలోనే మిగిలిండ్రు. విరమణ ప్రకటించినోళ్లకు అసెంబ్లీ ఉన్నది, మరి దళానికి జొన్నరొట్టె మోసిన ముసలమ్మకు ఏమున్నది?

2004లో ఇదే నేను కండ్లారా చూసిన. నక్సలైట్లతో చర్చలు జరుపుతమని ఎన్నికల్లో మాటిచ్చి గెలిచిన ప్రభుత్వం కూంబింగ్ ఆపింది. అక్టోబరులో హైదరాబాద్‌లో నాలుగు రోజులు చర్చలు నడిచినయి. అన్నలు అడవి దిగి వస్తే చూడనీకె జనం ఎగబడ్డరు. నేనూ పోయిన, దాచుడెందుకు. ఊళ్లలో ఆయుధాలతో తిరుగుడు కాడ బెడిసింది. 2005 జనవరికి మళ్లీ తూటాలే. ఒకరు అడవిలోకి పోయిండ్రు, ఇంకొకరు స్టేషన్లకు పోయిండ్రు. నడుమ అన్నల కాడ ముఖం కనిపించినోళ్లు ఇండ్లలోనే ఉన్నరు, రాత్రి తలుపు తడితే వణుక్కుంట. మా వీధిలో ఒకాయన చాన్నాళ్లు చుట్టాలింట్ల పడుకున్నడు.

కాబట్టి డేరా తీస్తే పరువు పోతదా అని నన్ను అడగకు. పరిహారం రేటు కుదిరితే తియ్యి. రాస్తారోకో నాడు కేసులు పడ్డ పదకొండు మంది ఉన్నరు కదా, అందులో ఆ మేకల కాపరి పిల్లడు కూడా. ఒప్పందం కాగితంలో మొదట వాళ్ల పేర్లు రాయించు, కేసులు ఎత్తేసేది ఏ తారీకు లోపలనో పక్కనే రాయించు. తర్వాత గుంజలు పీకుండ్రి. చివరి గుంజ నువ్వే పీకు.

మీ నాయనమ్మ అటుకులు పంపుతున్నది.

మీ తాత