పదవ మనిషి



ఒక ఆదివారము మనము ఆరాధనకు వెళ్లకపోతే నష్టము ఎవరిది? ఈ ప్రశ్న వేస్తే మనలో చాలమంది "వెళ్లనివారిదే" అంటారు. వాక్యము వినలేదు, పాట పాడలేదు, పదిమందిలో కూర్చొని ఆదరణ పొందలేదు, కనుక నష్టము వారిదే. ఈ జవాబు తప్పు కాదు. కాని ఇది సగము జవాబు మాత్రమే. మిగిలిన సగము ఏమిటో తెలిసికొనుటకు ఈసారి మనము యూదుల సమాజమందిరములోనికి తొంగి చూద్దాము. ముంబయిలో ఉన్న మనవారికి అది దూరమేమీ కాదు. తెలుగు కామాటీల పేరు మీద వెలసిన కామాటిపురానుండి నడిచి వెళ్లగలిగినంత దూరములో, బైకుల్లాలో, 1864లో కట్టిన మాగెన్ దావీదు సమాజమందిరమున్నది.

యూదుల నియమము ప్రకారము సమాజముగా ప్రార్థన జరుగవలెనంటే 13 ఏండ్లు నిండిన పురుషులు పదిమంది ఉండాలి. ఈ పదిమందిని "మిన్యాన్" అంటారు. ఆ హెబ్రీ మాటకు లెక్క అని అర్థము. తొమ్మిదిమంది ఉంటే చాలదు. ఆ తొమ్మిదిమంది గొప్ప పండితులైనా చాలదు. పదిమంది సామాన్యులు ఉంటే మాత్రము రబ్బీ లేకపోయినా ఆరాధన సాగుతుంది. ఎవరి ప్రార్థన వారు ఇంటిలో చేసికొనవచ్చును, దేవుడు ఆలకించడని వారెన్నడూ అనలేదు. అయితే ధర్మశాస్త్రపు చుట్టను సమాజము ఎదుట విప్పి చదువుటకు, మరికొన్ని ప్రార్థనలు పలుకుటకు పదిమంది తప్పదు.

ఆ ప్రార్థనలలో ఒకటి "కద్దీష్". తండ్రియో తల్లియో చనిపోయినప్పుడు కుమారుడు పదకొండు నెలలపాటు దీనిని పలుకుతాడు. విచిత్రమేమనగా ఇందులో మరణమును గూర్చి ఒక్క మాట లేదు. ఉన్నదంతా దేవుని నామమునకు స్తుతియే. భాష హెబ్రీ కాదు, సామాన్య జనులు మాట్లాడిన అరామిక్. దుఃఖములో ఉన్నవాడు ఒంటరిగా దేవుని స్తుతించుట కష్టము గనుక అతనికి చుట్టూ మనుష్యులు కావాలి, "ఆమేన్" అనేవారు కావాలి. పదవ మనిషి ఆ పూట రాకపోతే, తండ్రిని పోగొట్టుకొన్న ఆ కుమారుడు కద్దీష్ చెప్పకుండానే ఇంటికి పోవాలి. ఇప్పుడు మన ప్రశ్నను మరల అడుగుదాము. రానివాని వలన నష్టము ఎవరికి కలిగినది?

పది అను సంఖ్య ఎక్కడనుండి వచ్చినది? సొదొమ కొరకు అబ్రాహాము దేవుని బతిమాలుకొనుచు యాభైతో మొదలుపెట్టి పదిమంది దగ్గర ఆగిపోయాడని మనకు తెలుసు. అక్కడ కావలసినది పదిమంది నీతిమంతులు. అయితే యూదు పండితులు మిన్యాన్‌కు చూపిన ఆధారము అది కాదు. సంఖ్యాకాండములో కనాను దేశమును వేగుచూచుటకు వెళ్లిన పన్నెండుమందిలో యెహోషువ, కాలేబు తప్ప మిగిలిన పదిమంది చెడ్డ సమాచారము తెచ్చి జనుల గుండెలు నీరు చేశారు గదా. దేవుడు ఆ పదిమందిని గూర్చి పలుకునప్పుడు "సమాజము" అను మాట వాడెను గనుక, పదిమంది ఉంటే సమాజము అని తల్మూదు పండితులు తీర్మానించారు.

ఇది ఆశ్చర్యమైన ఆధారము. విశ్వాసము తప్పిన పదిమందిని బట్టి ప్రార్థన సమాజపు లెక్క ఏర్పడినది! మాకు దీనిలో లోతైన వివేకము కనబడుచున్నది. "నేను అంత భక్తిపరుడను కాను, నేను వచ్చి ఏమి లాభము?" అని అడిగేవానికి ఈ నియమము జవాబు చెప్పుచున్నది. నీ భక్తి ఎంత అని ఇక్కడ ఎవరూ తూచరు. నీవు వచ్చి నిలబడితే పొరుగువాని ప్రార్థన పూర్తి అవుతుంది. అంతే.

మన దేశములోని యూదులలో పెద్ద సమూహము కొంకణ తీరమునకు చెందిన బెనె ఇశ్రాయేలీయులు. అలీబాగ్ దగ్గర నవగావ్ తీరమున ఓడ బద్దలు కాగా ఏడుగురు పురుషులు, ఏడుగురు స్త్రీలు బ్రతికి బయటపడ్డారనీ, తాము వారి సంతతియనీ వారి పెద్దలు చెప్పుకొనే చరిత్ర. పుస్తకములు పోయాయి, హెబ్రీ మరచిపోయారు, మరాఠీ వారి ఇంటి భాష అయినది. గానుగ ఆడించి నూనె తీయుట వృత్తి అయినది. అయినా శనివారము గానుగ కట్టేవారు కారు. అందుచేత ఊరివారు వారిని "శనివార్ తేలీ", అనగా శనివారపు తెలికలవారు, అని పిలిచారు. సున్నతి, విశ్రాంతిదినము, ఆహార నియమములు, దేవుడొక్కడే అను ఒప్పుదల, వీటిని పట్టుకొని తరతరములు నిలిచారు.

ముంబయిలో వారి మొదటి సమాజమందిరమును 1796లో సామ్యూల్ యెహెజ్కేల్ దివేకర్ అను సైనికోద్యోగి కట్టించాడు. పేరు షాఅర్ హరహమీం, అనగా కరుణా ద్వారము. కొచ్చిన్ యూదులు వచ్చి వారికి ఆరాధన క్రమము నేర్పారు. స్కాట్లాండు మిషనరీ జాన్ విల్సన్ హెబ్రీ వ్యాకరణమును మరాఠీలో వ్రాశాడు. మిషనరీలు తెచ్చిన మరాఠీ పాత నిబంధన చదివి, బెనె ఇశ్రాయేలీయులలో క్రైస్తవులైనవారు బహు కొద్దిమంది. ఎక్కువమంది తమ పితరుల మతములోనే మరింత స్థిరపడ్డారు. ఆ తరువాత 1879లో ఠాణెలో, మరికొన్ని ఊళ్లలో మందిరములు లేచాయి. పుణెలో ఎర్రని ఇటుకలతో 1867లో పూర్తయిన ఓహెల్ దావీదు మందిరమును ససూన్ కుటుంబమువారు కట్టించారు. అది బాగ్దాదీ యూదులది. పుణెవాసులు దానిని "లాల్ దేవుళ్" అంటారు.

మన సంఘ పత్రికలలో "రాబోవు కార్యక్రమములు" అని వేసినట్లే సమాజమందిరమునకు కూడా ఏడాది పొడుగునా కార్యక్రమములు ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో బూర ఊదే నూతన సంవత్సరము, ఉపవాసముతో గడిపే ప్రాయశ్చిత్త దినము, ఆకుల కప్పు వేసిన పర్ణశాలల పండుగ, ధర్మశాస్త్రపు చుట్టలను ఎత్తుకొని ఆనందముతో మందిరమంతా తిరిగే దినము. చలికాలములో ఎనిమిది రాత్రులు దీపములు వెలిగించే ప్రతిష్ఠ పండుగ. తరువాత ఎస్తేరు గ్రంథము చదివే పూరీము. ఇంటిలో చిన్నవాడు లేచి ప్రశ్నలడిగే పస్కా. పిమ్మట వారముల పండుగ. వీటన్నిటికి తోడు ప్రతి శుక్రవారము సాయంకాలము విశ్రాంతిదినపు ఆరంభము. బెనె ఇశ్రాయేలీయులు ఆ పూట ద్రాక్షారసమునకు బదులు ఎండుద్రాక్షలు నానబెట్టి తీసిన షర్బతు వాడతారు. మ్రొక్కుబడి చెల్లినా, పెండ్లి కుదిరినా అటుకులు, కొబ్బరి, తీపి, పండ్లు కలిపి "మలీదా" పళ్లెము పెట్టి ఏలీయా ప్రవక్తను తలచుకొని పాడతారు.

ఈ జాబితా చదువుటకు ముచ్చటగా ఉన్నది. కాని ప్రతి ప్రకటన వెనుక ఒక నమ్మకమున్నది. ఆ దినమున మనుష్యులు వస్తారని నమ్మి పెద్దలు తేదీ వేస్తారు. ఎవరు వస్తారు? అది కాగితము మీద వ్రాయలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశములో యూదులు ఇరవై వేలకు పైగా ఉండేవారు. 1948లో ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడిన తరువాత చాలమంది అక్కడికి వెళ్లారు. ఇప్పుడు అయిదు వేల ప్రాంతములో ఉన్నారు. మహారాష్ట్ర ప్రభుత్వము 2016లో వారిని అల్పసంఖ్యాక వర్గముగా గుర్తించినది. ముంబయి, ఠాణెలలో ఇంకను సమాజ జీవితమున్నది. కొచ్చిలోని స్థితి వేరు. మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశీ సమాజమందిరములో నీలి, తెలుపు రంగుల చైనా పలకలు ఇప్పటికీ మెరుస్తున్నాయి, చూడవచ్చేవారికి కొదువ లేదు. కాని ఆ వీధిలో పదిమంది లేరు. బయటి ఊళ్లనుండి, దేశములనుండి యూదు యాత్రికులు వచ్చి కలిస్తేగాని లెక్క పూర్తి కాదు. అక్కడే మరియొక మందిరపు లోపలి చెక్కపనిని విప్పి తీసికొనిపోయి జెరూసలేములోని ఇశ్రాయేలు మ్యూజియములో మరల నిలబెట్టారు. దూలములను ఓడ ఎక్కించవచ్చును. వాటి క్రింద పది గొంతులు "ఆమేన్" అనుటను ఎవరు ఎక్కించగలరు?

వెళ్లిపోయినవారిది తప్పా? అట్లని మేము అనలేము. మనము కూడా వెళ్లివచ్చినవారి సంతతియే. కూలికొరకు, మిల్లులకొరకు, గనులకొరకు మన తాతలు సొంత ఊళ్లు విడిచి రాకపోతే ఈ పత్రిక ఉండేదే కాదు. 2001లో కోలారు బంగారు గనులు మూతపడినప్పుడు పనికొరకు పట్టణములు పట్టిపోయినవారిని ఎవరు నిందిస్తారు? మనిషిని సంఖ్యకొరకు ఒక చోట కట్టివేయుట న్యాయము కాదు. మేము అడిగేది వేరే ప్రశ్న. దూరము పోయినవానిని గూర్చి కాదు, ఊరిలో ఉండి రానివానిని గూర్చి.

లెక్కించుట వలన వచ్చే చెడు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచిపెట్టి ఈ నియమమును పొగడుట సత్యము కాదు. లెక్క అన్నప్పుడు ఎవరు లెక్కలోనికి వస్తారు, ఎవరు రారు అను ప్రశ్న వెంటనే పుడుతుంది. ఆ పరదేశీ మందిరములోనే, పూర్వము దాసులుగా ఉండి విడుదల పొందినవారి సంతతికి సమాన స్థానము ఉండేది కాదు. ధర్మశాస్త్రము చదువుటకు వారిని పిలిచేవారు కారు. ఆ కుటుంబములలో పుట్టిన అబ్రాహాము బరాక్ సాలెం న్యాయవాది అయి, గాంధీగారి మార్గమున సత్యాగ్రహము చేసి ఆ అడ్డుగోడను చాలవరకు కూల్చాడు. ఇశ్రాయేలుకు వెళ్లిన బెనె ఇశ్రాయేలీయులను సహా, వీరు పూర్తి యూదులేనా అని అక్కడి మతాధికారులు వివాహముల విషయములో సందేహించారు. వారు పోరాడిన మీదట 1964లో ఆ దేశపు పార్లమెంటు, వీరు అన్ని విధముల యూదులేనని తీర్మానించినది. ఇక స్త్రీల మాట. సంప్రదాయ మందిరములలో వందమంది స్త్రీలు కూర్చున్నా పదిలో ఒక్కరు కూడా కారు. ముంబయిలో ప్రసిద్ధురాలైన వైద్యురాలు జెరూషా ఝిరాడ్ 1925లో జ్యూయిష్ రెలిజియస్ యూనియన్ అను ఉదార సమాజమునకు పునాది వేశారు. ఉదార యూదు సమాజములు నేడు స్త్రీలను కూడా పదిమందిలో లెక్కిస్తున్నాయి.

కాబట్టి ఈ నియమమునుండి మేము నేర్చుకొనేది రెండు వైపులా పదునైన మాట. "నీవు రావాలి, నీవు లేకపోతే నీ పొరుగువాని ప్రార్థన ఆగిపోతుంది" అని చెప్పుటకు ఒక సమాజమునకు హక్కు ఉన్నది. అయితే ఆ హక్కు, వచ్చినవానిని నిజముగా లెక్కించే సమాజమునకే ఉన్నది. కడపటి బెంచీలో కూర్చోబెట్టి, కానుక పళ్లెము వచ్చినప్పుడు మాత్రమే జ్ఞాపకము చేసికొని, కమిటీలో ఒక మాట అడుగకుండా ఉంచిన మనిషిని "ఎందుకు రావడం లేదు?" అని నిలదీయుటకు మనకు ముఖము చాలదు.

మనకు పదిమంది నియమము లేదు. ఇద్దరు ముగ్గురు కూడినచోట కూడా ప్రభువు ఉంటానన్నాడు. అది గొప్ప ధన్యత. కాని ఆ ధన్యతను మనము సాకుగా మార్చుకొన్నామేమో ఆలోచించాలి. ఇద్దరు ముగ్గురు చాలు గనుక నేను లేకపోయినా ఫరవాలేదు అని ప్రతివాడు అనుకొంటే, ఆ ఇద్దరు ముగ్గురు ఎవరు?

మన సంఘములలో కద్దీష్ లేదు గాని విధవరాలు ఉన్నది. భర్త పోయిన తరువాత మొదటిసారి గుడికి వచ్చి, ఆయన కూర్చునే చోటు చూచి, పాట పాడలేక నోరు మూసికొని నిలబడిన ఆమెకు చుట్టూ పాడే గొంతులు కావాలి. క్రొత్తగా బదిలీ మీద వచ్చి, కన్నడమో మరాఠీయో రాక, వారమునకు ఒక్కసారి తెలుగు వినుటకు వచ్చిన కుర్రవాడున్నాడు. తెలుగు చదువుట రాని మన మనుమలు, ప్రక్కన నిలబడిన పెద్దల నోటినుండియే కీర్తన నేర్చుకొంటారు. వీరిలో ఎవరికి మనము పదవ మనిషిమో మనకు తెలియదు. తెలియదు గనుకనే రావలసి ఉన్నది.

ఈ సంచికలో కూడా స్త్రీల సమాజము, యౌవనుల కూటము, పంట పండుగ తేదీలు వేసియున్నాము. చదివి ప్రక్కన పెట్టకుండా, ఆ దినమున మీ ఇంటివారిలో ఎవరు వెళతారో ఇప్పుడే అనుకొనండి. మీ వీధిలో చాలకాలముగా రానివారొకరు ఉంటే, ఎందుకు రాలేదని అడుగకుండా, మీరు లేక ఫలానా పాట సరిగా రావడం లేదని చెప్పి పిలిచి చూడండి.