నక్కవాగు దాటేటప్పుడు

ఆదివారాలు పటాన్‌చెరు నుంచి మంజీర లోయ వైపు బైక్ మీద పోతుంటాను. నక్కవాగు వంతెన రాగానే హెల్మెట్ అద్దం దించేస్తాను. వాసన రెండు నిమిషాలే. తర్వాత చెరకు తోటలు, మొసళ్ళుండే అభయారణ్యం, ఫోటోలు.

పటాన్‌చెరు శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో రాశారు. ఆ నీళ్ళు అప్పట్లో చేరింది ఈ వాగులోకే. దారిలో కడుపు చెడితే వేసుకుందామని నా బ్యాగులో పెట్టుకునే మాత్ర కూడా అదే. నాకంటే ముందే నా అవసరం ఈ ఊళ్ళకి వచ్చిపోయిందన్నమాట.

బాటసారికి దాటిపోయే హక్కుంది, కాదనను. వాగు పక్కన పొలమున్నవాడికి దించుకోడానికి అద్దం లేదు. మాత్ర పారేస్తే తీరే బాకీ కూడా కాదిది. మొన్న వంతెన మీద బండి ఆపి అద్దం ఎత్తాను. వాగుకేం ఒరగలేదు. చూడలేదని చెప్పే వీలు మాత్రం నాకిక లేదు.