రాట్జెబుర్గు హతసాక్షి

ఉత్తర జర్మనీలో, ల్యూబెక్ నగరమునకు దక్షిణమున, పూర్వము హిమానీనదములు తొలిచిన పల్లములలో నిలిచిన సరస్సుల నడుమ, గట్టుబాటలచేత ఒడ్డునంటియున్న చిన్న దీవిపై రాట్జెబుర్గు పాతపట్టణము వెలసినది. స్లావు ప్రభువు రాతిబోరు పేరనే దానికా పేరు వచ్చినదందురు.

1066లో, జర్మనులు వెండులని పిలిచిన ఆ స్లావుజనులు తిరుగబడి, క్రైస్తవుడైన తమ రాజు గొట్‌షాల్కును వధించిరి. ఆ వేసవిలోనే రాట్జెబుర్గుచెంత మఠాధిపతి అన్స్వేరుసును, అతని సహచరులను రాళ్లతో కొట్టి చంపిరి. కొలదియేండ్లకే బ్రెమెను ఆదాము రచించిన చరిత్రలో ఒక విశేషము కలదు: తాను ముందు పోయినచో తనవారు విశ్వాసము వీడుదురేమోయను భీతిచే, తన్ను కడపట చంపుడని అన్స్వేరుసు హంతకులను వేడుకొనెనట.

భక్తులకు ఇది కరుణ. ఒక్కొక్కడే నేలకొరగుచుండ చూచుచు నిలుచుట, మొదటిరాతికే తలయొగ్గుటకంటె కఠినతరమనుట నిజమే. అయినను ఇందు అపనమ్మకమును లేకపోలేదు. పరమసత్యమని తాను బోధించినది శిష్యుల హృదయములలో గురువు ఊపిరియున్నంతవఱకే నిలుచునని శంకింపనివాడు ఇట్టి వరము కోరడు. ఆ శంకతోనే అతడు చివరివఱకు నిలిచెను గావున అతని స్థైర్యమునకు నేను నమస్కరింతును. అతని సిద్ధాంతము మాటయో? మన నైయాయికులు ప్రమాణములుగా లెక్కించిన ప్రత్యక్షానుమానోపమానశబ్దములలో ప్రాణత్యాగమునకు చోటులేదు. ప్రాణమిచ్చినంతనే మతము సత్యమగునేని, తమ వేల్పులకై పోరి కూలిన వెండుల మతమును సత్యమే కావలయును. కాని వారు వ్రాతయెఱుగరు. వారి కథ శత్రువులు చెప్పగా విన్నదే.

ఆ శత్రుపక్షమునందును నిష్పక్షపాతి లేకపోలేదు. సుమారొక శతాబ్దమునకు పిమ్మట బోసౌ గ్రామపు మతాచార్యుడు హెల్మోల్డు, స్లావులు క్రైస్తవమునకు విముఖులగుటకు సాక్సను ప్రభువుల కప్పపుటాశయే కారణమని తన చరిత్రలో మొగమోటము లేక వ్రాసెను. ఇట్లుండగా నాటి రాళ్లు క్రీస్తుపై విసరినవో, కప్పము గుంజువారి దైవముపై విసరినవో తేల్చుటెట్లు? విసరినవారే తేల్చియుండరని నా యనుమానము.

1154లో రాట్జెబుర్గున బిషపు పీఠము స్థిరపడెను. సింహబిరుదాంకితుడగు హెన్రీ ప్రభువు దీవి ఉత్తరాగ్రమున ఇటుకలతో మహాదేవాలయము కట్టింప పూనుకొనెను. అన్స్వేరుసు పునీతుడాయెను, సరసికి పడమట ఐన్‌హౌసు గ్రామమున అతని పేర ఒక రాతిశిలువ నేటికిని నిలిచియున్నది. ఆ పట్టణమును డేనుల ఫిరంగులు నేలమట్టము చేసినది 1693లో. అప్పుడు కాల్చినవారును కాలినవారును లూథరు మతస్థులే యగుటచేత, ఆ వినాశము ఏ విశ్వాసమునకును సాక్ష్యముగా ఎవరి లెక్కకును రాలేదు.