బడికి పంపడంతో బాధ్యత తీరదు

మనిషికి కలం ద్వారా జ్ఞానం నేర్పిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) పై శాంతి, శుభాలు వర్షించుగాక!

 

తిరువూరు ప్రాంతంలోని గంపలగూడెం మండలం, పెనుగొలను వైపు ఒక ధార్మిక సమావేశం ముగిశాక ఒక తల్లి ముందుకొచ్చి ఇలా అడిగింది: "మౌల్వీ సాబ్! పిల్లల చదువు తల్లిదండ్రుల బాధ్యత అన్నారు. నాకు అక్షరం ముక్క రాదు. మా ఆయనదీ వేలిముద్రే. మావాడు మూడో తరగతి. వాడి పుస్తకంలో ఏముందో మాకే తెలియదు. ఇక మేమేం చెప్పగలం? బడికి పంపుతున్నాం, అది చాలదా?"

ఆ తల్లి సాకు చెప్పడం లేదు. ఆమె గొంతులో బాధ ఉంది. ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. పొలం పనులకు, మేస్త్రీ పనులకు, చిన్న చిన్న వ్యాపారాలకు వెళ్లే మన కుటుంబాలు ఎన్నింటిలోనో ఇదే ప్రశ్న నలుగుతోంది. అందుకే ఈ నెల దీని గురించే మాట్లాడుకుందాం.

పిల్లలు మన సొత్తు కారు, అమానతు

ప్రతి మనిషీ ఒక కాపరి అనీ, తన మంద గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు. పురుషుడు తన ఇంటివారికి, స్త్రీ తన ఇంటికి, పిల్లలకు జవాబుదారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ప్రామాణిక హదీసు. కాపరి అన్న మాటను కాస్త ఆలోచించండి. పొద్దున గొర్రెలను దొడ్డిలోంచి తోలి, సాయంత్రం లెక్క కూడా చూసుకోని వాణ్ణి ఎవరైనా కాపరి అంటారా? ఏది మేసింది, ఏది కుంటుతోంది, ఏది వెనకబడింది అని చూసుకునేవాడే కాపరి. బిడ్డను ఉదయం బడి గేటు దాకా పంపి, సాయంత్రం 'ఏమైంది' అని కూడా అడగని ఇల్లు తన మందను సగం దారిలో వదిలేసినట్లే.

విశ్వాసులు తమను, తమ ఇంటివారిని నరకాగ్ని నుండి కాపాడుకోవాలని తహ్రీమ్ సూరా ఆరవ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. ఎలా కాపాడుకోవాలి? వారికి విద్య నేర్పండి, సంస్కారం నేర్పండి అని హజ్రత్ అలీ (రజి) దీనికి వివరణ ఇచ్చారు. అంటే బిడ్డ చదువు కేవలం రేపటి ఉద్యోగానికి సంబంధించిన విషయం కాదు. అది పరలోకంలో మనం జవాబు చెప్పుకోవలసిన విషయం.

చదవడం రాని ప్రవక్త చేసిన ఏర్పాటు

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. చదువు రానివారు చదువుకు ఎలా తోడ్పడగలరు?

హిరా గుహలో దిగిన మొట్టమొదటి దివ్యవాణి 'చదువు' అన్న ఆజ్ఞతో మొదలైంది. ఆ ఆజ్ఞ ఎవరికి అందింది? ఉమ్మీ అయిన, అంటే చదవడం, రాయడం నేర్వని మహనీయునికి! అల్లాహ్ తలచుకుంటే గొప్ప పండితుణ్ణే ఎన్నుకునేవాడు. కాని ఎన్నడూ కలం పట్టని ప్రవక్త (స) చేతనే ఒక జాతి మొత్తానికి కలం పట్టించాడు.

బద్ర్ యుద్ధం తర్వాత ఏం జరిగిందో చూడండి. ఖైదీలుగా చిక్కిన మక్కావాసుల్లో కొందరి దగ్గర విడుదలకు చెల్లించడానికి ధనం లేదు, కాని చదువు ఉంది. వారు అన్సార్ల పిల్లలకు రాయడం నేర్పితే చాలు, అదే వారి పరిహారం అని దైవప్రవక్త (స) నిర్ణయించారు. ఒక్కొక్కరు పదిమంది పిల్లలకు నేర్పాలన్నది షరతు. అప్పటికి మదీనాలో ముస్లిములు పేదరికంలో ఉన్నారు. పరిహారం సొమ్ము వారికి ఎంతో అవసరం. అయినా ఆ మహనీయులు డబ్బుకు బదులు పిల్లల చదువునే కోరుకున్నారు. అలా నేర్చుకున్న బాలల్లో జైద్ బిన్ సాబిత్ (రజి) ఒకరని ఇబ్న్ సఅద్ ఉల్లేఖించారు. ఆయనే తర్వాత దైవవాణిని లిఖించేవారిలో ఒకరయ్యారు. హజ్రత్ అబూబకర్ (రజి) కాలంలో ఖుర్ఆన్‌ను ఒక్కచోట సంకలనం చేసిన ఘనతా ఆయనకే దక్కింది.

ఈ సంఘటనలో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, తనకు చదువు రాకపోవడం బిడ్డకు చదువు ఏర్పాటు చేయడానికి అడ్డు కాదు. రెండు, ఆ ఉపాధ్యాయులు ముస్లిములు కారు. అంతకుముందే కత్తి పట్టి ఎదురు నిలిచినవారు. అయినా విద్య ఎవరి దగ్గరుంటే వారి దగ్గర నేర్చుకోమన్నారు. మరి మన ఊరి బడిలో మన పిల్లలకు ప్రేమగా 'అ ఆ'లు దిద్దిస్తున్న టీచరమ్మ, మాస్టారు ఏ మతం వారైనా మనం ఎంత గౌరవించాలి!

బడి వార్తలు మనవి కావా?

ఊళ్లో పెళ్లి కబురు, పొలం తగాదా కబురు గంటలో ఇంటింటికీ చేరుతుంది. బడి కబురు మాత్రం బిడ్డ సంచీలోనే నలిగిపోతుంది. మన రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో 2024 డిసెంబరు 7న తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల పెద్ద సమావేశాలు జరిగాయి. 2025 జులై 10న ప్రైవేటు బడులను కూడా కలుపుకొని మళ్లీ జరిగాయి. వెళ్లినవారు బిడ్డ ఎలా చదువుతున్నాడో టీచరు నోటనే విన్నారు. వెళ్లనివారు 'మనకేం తెలుస్తుందిలే' అని కూలికి పోయారు.

నిజానికి ఆ బడిలో మనకు హక్కు ఉంది. 2010 ఏప్రిల్ 1 నుండి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలి. మన తల్లులు పర్దా పాటిస్తూనే ఆ కమిటీలో కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు.

సమావేశానికి వెళ్లినప్పుడు పెద్ద మాటలు అక్కర్లేదు. మూడు ప్రశ్నలు చాలు. నా బిడ్డ తన పుస్తకంలోని పేజీని తానుగా చదవగలుగుతున్నాడా? ఎన్ని రోజులు మానేశాడు? ఇంట్లో మేమేం చేయాలి? మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు చేయాలి అన్న లక్ష్యంతో 2021 జులైలో దేశమంతటా 'నిపుణ్ భారత్' కార్యక్రమం మొదలైంది. మూడో తరగతినే ఎందుకు ఎంచుకున్నారు? అంతవరకూ పిల్లలు చదవడం నేర్చుకుంటారు. ఆ తర్వాత చదివి మిగతావన్నీ నేర్చుకోవాలి. చదవడం రాకుండా నాలుగుకు, ఐదుకు వెళ్లిన బిడ్డకు ప్రతి పుస్తకమూ మూసి ఉన్న తలుపే.

కోతల కాలంలో ఖాళీ అయ్యే బెంచీలు

ఇక చేదు మాట ఒకటి చెప్పక తప్పదు. మన ప్రాంతంలో పత్తి తీతలు, మిరప కోతలు వచ్చాయంటే చేతులు ఎన్ని ఉన్నా చాలవు. ముఖ్యంగా సంక్రాంతి దాటాక, బడిలో పాఠాలు చివరికి వచ్చే వేళకే మిరప చేలు ఎర్రబడతాయి. ఎనిమిదేళ్ల పిల్లాడు అమ్మ వెంట చేనుకు వెళ్తాడు. పదేళ్ల పాప చంటివాణ్ణి ఎత్తుకొని ఇంటి దగ్గర ఉండిపోతుంది. నాలుగు రోజులే కదా అనుకుంటాం. ఆ నాలుగు రోజులు నెలవుతాయి. తిరిగి బడికి వెళ్లేసరికి తోటివారు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటారు. అర్థంకాని పాఠం ముందు కూర్చోలేక ఆ బిడ్డ తానే మానేస్తాడు. మనం మాత్రం 'వాడికి చదువు అబ్బలేదు' అని తీర్పు చెప్పేస్తాం.

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక మనకు అద్దం పట్టింది. ఆరు నుండి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారని అది తేల్చింది. ఆ తర్వాత కాలం మారింది, నిజమే. కాని ఆ నాలుగో వంతు పిల్లలు ఈనాడు తల్లులు, తండ్రులు అయ్యారు. 'నాకు అక్షరం ముక్క రాదు' అంటున్నది వారే. ఈ గొలుసు మనతో తెగాలా, మన పిల్లల మెడకూ చుట్టుకోవాలా?

కూలి లేనిదే పూట గడవని ఇళ్ల కష్టం అల్లాహ్‌కు తెలుసు. ఆ కష్టాన్ని చులకన చేయడం మన ఉద్దేశం కాదు. అయితే బిడ్డ చదువు పేరిట వచ్చిన సొమ్ము గురించి మాత్రం మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. 2020లో మొదలైన 'అమ్మఒడి' కానీ, 2025 జూన్‌లో ఒక్కో బిడ్డకు 13,000 రూపాయల చొప్పున తల్లి ఖాతాలో జమ అయిన 'తల్లికి వందనం' కానీ బిడ్డ చదువు కోసం వచ్చినవే. అది బిడ్డ అమానతు. దాన్ని ఫోన్ కొనడానికో, పెళ్లి ఆడంబరానికో వాడి బిడ్డను బడి మాన్పిస్తే అమానతులో ద్రోహం చేసినట్లు కాదా?

ఆడపిల్ల విషయంలో మరీ జాగ్రత్త. ఇద్దరు ఆడపిల్లలను యుక్తవయసు వచ్చేదాకా చక్కగా పెంచినవారు ప్రళయదినాన తనకు పక్కపక్క వేళ్లలా సమీపంగా ఉంటారని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (ముస్లిం). షిఫా బింత్ అబ్దుల్లాహ్ (రజి) అనే విద్యావతి విశ్వాసుల మాత హఫ్సా (రజి) గారికి రాయడం నేర్పారన్న సంగతి అబూదావూద్ హదీసులో ఉంది. ప్రవక్త ఇంట కలం పట్టిన స్త్రీ ఉండగా, మన ఇంటి ఆడపిల్లకు చదువెందుకు అనే హక్కు మనకెక్కడిది?

మగ్రిబ్ నుండి ఇషా దాకా

అక్షరం రాని ఇల్లు చేయగలిగినవి చాలా ఉన్నాయి. మగ్రిబ్ నమాజు అయ్యాక అరగంట చాలు.

టీవీ కట్టేయండి. ఫోను పక్కన పెట్టండి. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, ఆ రోజు పాఠం పైకి చదవమనండి. వేలు పెట్టి చదవమనండి. మీకు అక్షరాలు రాకపోవచ్చు. కాని చెవులున్నాయి. ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ మింగేస్తున్నాడో మీకు తెలుస్తుంది. ఆగిన చోట చిన్న గుర్తు పెట్టించి, రేపు టీచరును అడగమనండి. చదివిందంతా మీకు కథలా చెప్పమనండి. మీరు నేర్చుకునేవారై కూర్చుంటే బిడ్డ ఉత్సాహంగా గురువవుతాడు.

మన ఇళ్లలో కొందరు ఉర్దూ మాట్లాడతారు, కొందరు తెలుగే మాట్లాడతారు. ఏ భాషైనా సిగ్గుపడనక్కర్లేదు. యూసుఫ్ (అలై), మూసా (అలై) గాథలను మీకు వచ్చిన భాషలోనే చెప్పండి. కథలు విన్న పిల్లలకు మాటలు పెరుగుతాయి, మాటలు పెరిగితే చదవడం తేలికవుతుంది. నమాజు తర్వాత తస్బీహ్ చదివించి 33, 33, 34 కలిపితే ఎంతో అడగండి. కిరాణా కొట్టు చిల్లర, మిరపకాయల తూకం అన్నీ లెక్కల పాఠాలే.

ఇషా తర్వాత ఊరికే కబుర్లతో కాలక్షేపాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కారు (బుఖారీ). త్వరగా పడుకున్న బిడ్డ ఫజ్ర్‌కు లేస్తాడు, బడిలో కునుకుపాట్లు పడడు. మక్తబ్ చదువును, బడి చదువును పోటీకి పెట్టకండి. రెండింటికీ వేళలు పంచండి.

కోపం వద్దు, అబద్ధం అసలే వద్దు

'చదివితే సైకిల్ కొనిస్తా' అని మాట ఇచ్చి మరిచిపోతుంటాం. ఒకసారి ఒక తల్లి ఏదో ఇస్తానని బిడ్డను పిలిస్తే, ఏమిద్దామనుకున్నావని దైవప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ ఖాతాలో అబద్ధంగా రాయబడేదని ఆయన అన్నారు (అబూదావూద్). అబద్ధపు ఆశ చూపి నేర్పిన చదువుతో పాటు బిడ్డ అబద్ధాన్నీ నేర్చుకుంటాడు.

హజ్రత్ అనస్ (రజి) బాల్యం నుండి పదేళ్లు దైవప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఒక్కసారి కూడా ఆయన విసుక్కోలేదని అనస్ (రజి) సాక్ష్యమిచ్చారు. మనమో? రెండు తప్పులు చదివితే చెయ్యి లేస్తుంది!

ఏడేళ్లకు పిల్లలకు నమాజు చెప్పమన్నారు. మందలింపు మాట పదేళ్ల తర్వాతే. మధ్యలో మూడేళ్లు. రోజుకు ఐదు పూటల చొప్పున లెక్క వేసుకోండి, ఐదు వేలకు పైగా సార్లు ఓపికగా చెప్పాలన్నమాట! నమాజు విషయంలోనే ఇంత ఓపిక నేర్పిన ధర్మం, ఎక్కాలు మరిచిన బిడ్డ మీద మొదటి సాయంత్రమే చెయ్యెత్తమంటుందా?

వీధికో దీపం

చివరగా జమాఅత్ పెద్దలకు ఒక మనవి. ప్రతి వీధిలో ఇంటర్ చదివిన అమ్మాయో, డిగ్రీ చదివిన అబ్బాయో ఉంటారు. సాయంత్రం గంటసేపు మస్జిద్ వరండాలో గానీ, ఎవరి ఇంట్లో గానీ పిల్లలను కూర్చోబెట్టే ఏర్పాటు చేయండి. పక్కింటి పిల్లలు ఏ మతం వారైనా రానివ్వండి. కోతల కాలంలో చంటిపిల్లలను చూసుకోవడానికి వీధిలోని పెద్దమ్మలు వంతులు వేసుకుంటే ఎందరో అక్కల చదువు నిలబడుతుంది. జుమా ప్రకటనల్లో బడి సమావేశం తేదీ కూడా చదవండి.

ఆ రోజు ఆ తల్లికి ఇచ్చిన జవాబు ఇదే: "చెల్లీ! నీకు అక్షరాలు రాకపోతే అల్లాహ్ నిన్ను పట్టుకోడు. బిడ్డ పక్కన కూర్చున్నావా లేదా అని అడుగుతాడు. ఈ రాత్రే కూర్చో." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొని, పక్కనే ఉన్న పిల్లాడి చెయ్యి పట్టుకుంది.

జ్ఞానాన్ని పెంచమని వేడుకోవాలని అల్లాహ్ తన ప్రవక్తకే (స) తాహా సూరాలో నేర్పాడు. మనమూ వేడుకుందాం. ఓ అల్లాహ్! మా పిల్లలకు మేలుచేసే విద్యను ప్రసాదించు. వారి ముందు మాకు ఓపికను, సత్యాన్ని ప్రసాదించు. వారికి నేర్పే గురువులకు మేలు చేయి. నీవిచ్చిన అమానతును నీ సన్నిధికి పదిలంగా చేర్చే భాగ్యాన్ని మాకు కలిగించు. ఆమీన్.